బండ మీద ఎవరి పేరు?

జిన్నారం నుంచి బొల్లారం వైపు వచ్చేవారికి దారికి ఇరుపక్కలా రెండు రకాల దృశ్యాలు కనిపిస్తాయి. ఒకవైపు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, ట్యాంకర్లు. మరోవైపు ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తి పెట్టినట్టు నిలిచిన గుండ్లు. ఆ గుండ్లను ఎవరూ ఎత్తి పెట్టలేదు. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు అది. భూగర్భంలో గట్టిపడి, పైనున్న మట్టి కొట్టుకుపోయాక బయటపడి, ఎండకూ వానకూ ఉల్లిపాయ పొరల్లా పైపొరలు రాలిపోతూ గుండ్రమైంది. దావీదు దేవుణ్ణి తన శైలమని ఎన్నిసార్లు పిలిచాడో కీర్తనలు చదివేవారికి తెలుసు. ఆ మాటను మా ప్రాంతంలో విడమరచి చెప్పనక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు.

మా సంఘం పుట్టింది అలాంటి ఒక బండ మీదే. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో పరిశ్రమలు వచ్చాక పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. వారిలో విశ్వాసులైన కొందరికి ప్రార్థన పెట్టుకోవడానికి గది దొరకలేదు. అద్దె ఇల్లే కష్టమైన చోట పాటలు పాడుకోవడానికి ఇల్లెవరిస్తారు? రెండో షిఫ్టు దిగాక, ఊరి బయటి బండెక్కి, లాంతరు మధ్యలో పెట్టుకొని ప్రార్థించారు. తర్వాత రేకుల షెడ్డు వచ్చింది, ఆ తర్వాత మందిరం వచ్చింది. బండను మాత్రం మరచిపోలేదు. ఏటా పునరుత్థాన పండుగనాడు తెల్లవారుజామున అక్కడికే వెళ్తాం.

నలభై ఏళ్ల పండుగ చేయాలనుకున్నప్పుడు కమిటీలో ఒక ఆలోచన వచ్చింది. ఆ బండ మీద మొదటి విశ్వాసుల పేర్లు ఎనామిల్ పెయింటుతో పెద్దగా రాయిద్దామని. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన మాకూ నచ్చింది. చివరి వరుసలో 'సంఘ కాపరి' అని మా పేరు కూడా ఉంటుందన్న సంతోషం లోపల ఎక్కడో లేకపోలేదు.

పేర్లు రాసిన బండ అనగానే మేము సెమినరీలో మిషన్ల చరిత్ర చదివేటప్పుడు తెలుసుకున్న ఒక రాయి గుర్తొచ్చింది. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో స్వీట్‌వాటర్ నది ఒడ్డున ఒక గ్రానైటు గుట్ట ఉంది. ఎత్తు సుమారు 130 అడుగులు, చుట్టూ తిరిగితే మైలుకు పైనే. పేరు ఇండిపెండెన్స్ రాక్. 1840ల నుంచి 1860ల దాకా పడమటి దేశానికి వలస వెళ్లిన లక్షలాది మంది ఆ దారినే ఎడ్లబండ్లతో నడిచారు. రెండు వేల మైళ్ల ప్రయాణం. జూలై 4లోగా ఆ గుట్ట చేరితే మంచు పడకముందే కొండలు దాటగలరని లెక్క. అక్కడ ఆగి తమ పేర్లు ఉలితో చెక్కారు, లేదా బండి చక్రాలకు పూసే కందెనతో రాశారు. వేల పేర్లు. పియర్ డి స్మెట్ అనే జెస్యూట్ పాదిరి దాన్ని ఎడారిలోని పెద్ద రిజిస్టరుగా వర్ణించాడు. దారిలో కలరాతో చనిపోయినవారు ఎందరో. వెనక వచ్చే బంధువుకు 'మేము ఇక్కడిదాకా ప్రాణాలతో వచ్చాం' అని చెప్పే ఉత్తరం కూడా ఆ రాయే.

ఉలితో చెక్కినవాటిలో చాలా పేర్లు ఇంకా కనిపిస్తాయి. కందెనతో రాసినవి చాలావరకు చెరిగిపోయాయి. ఆ నేల మీద అంతకుముందే తరతరాలుగా బతికినవారి పేర్లు ఆ రిజిస్టరులోకి ఎక్కనేలేదు. బండ్లు పెరిగినకొద్దీ వారికి మిగిలిన నేల తరిగింది. ఏ వలస కథలోనైనా ఈ రెండో పేజీ కూడా చదవాలి.

1836లో విట్‌మన్, స్పాల్డింగ్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో కలిసి ఆ దారిలోనే పడమటికి వెళ్లారు. అదే 1836లో శామ్యూల్ డే అనే మరో అమెరికన్ మిషనరీ తూర్పున మన తెలుగువారి మధ్యకు వచ్చాడు. ఆయన ప్రారంభించిన బాప్టిస్టు మిషను నెల్లూరులో నిలదొక్కుకుంది గాని ఏళ్లు గడిచినా ఫలితం బహు స్వల్పం. మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది.

మన తెలుగు నేల మీద పయనీర్లు గుర్తుపెట్టుకున్న కొండ ఏదంటే ఒంగోలు ప్రార్థన కొండే. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కారు. లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే తెలుగు సోదరుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు సోదరీమణులు. కింద ఊరు నిద్రపోతోంది. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సంవత్సరం ఎవరూ రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్లకు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

సంఘ చరిత్రలు ఆ 2,222 అనే అంకెను చాలాసార్లు చెబుతాయి. మాకు మాత్రం ఆ ఐదు అనే అంకె దగ్గరే మనసు ఆగుతుంది. జూలియా, రూతుల గురించి మన పుస్తకాల్లో ఎన్ని పంక్తులున్నాయి? అయినా ఆ ఉదయం చలిలో వాళ్లూ మోకరించారు.

బైబిలులో రాళ్లు నిలబెట్టినవారు చాలామంది ఉన్నారు. సౌలు కర్మెలులో తనకు జయస్తంభం నిలబెట్టుకున్నాడు (1 సమూయేలు 15:12). అబ్షాలోము తన పేరు నిలిపే కుమారుడు లేడని తన పేరుతో స్తంభం నిలిపాడు (2 సమూయేలు 18:18). యెహోషువ యొర్దాను నడిమధ్య నుంచి పన్నెండు రాళ్లు మోయించాడు గాని మోసినవారి పేర్లు చెక్కించినట్టు వాక్యంలో లేదు. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగినప్పుడు జవాబు చెప్పండని మాత్రం చెప్పాడు (యెహోషువ 4:6,7).

ఎబెనెజరు సంగతి ఇంకా లోతైనది. హెబ్రీ భాషలో 'సహాయపు రాయి' అని దాని అర్థం. సమూయేలు విజయం తర్వాత ఆ రాయి నిలిపిన విషయం అందరికీ తెలుసు (1 సమూయేలు 7:12). అయితే మూడు అధ్యాయాల ముందు చూడండి. ఇశ్రాయేలీయులు దిగిన చోటు పేరు కూడా ఎబెనెజరే (4:1). అక్కడ ముప్పది వేలమంది కూలారు, మందసం శత్రువుల చేత చిక్కింది. రెండూ ఒకే స్థలమని పండితులందరూ ఒప్పుకోరు. పేరు మాత్రం ఒక్కటే. ఓడి ఏడ్చిన పేరునే సమూయేలు తిరిగి తీసుకొని రాయికి పెట్టాడు. మా బండ మీద తొలి రాత్రుల్లో పాటలకంటే ఏడుపులే ఎక్కువని పెద్దలు చెప్పేవారు. పని పోయినవారు, రియాక్టరు దగ్గర ఒళ్లు కాలినవారు, ఊళ్లో బిడ్డను పాతిపెట్టి తిరిగొచ్చినవారు ఆ బండెక్కినవాళ్లే.

ఇక కమిటీ మాటకు వస్తే, పేర్ల జాబితా దగ్గర తగవు మొదలైంది. ఒకరు పదకొండు మందన్నారు, ఒకరు పద్నాలుగన్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర లాంతరుకు కిరసనాయిలు ఇచ్చిన వాచ్‌మన్ విశ్వాసి కాదు, ఆయన పేరు రాయాలా వద్దా? రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. ఆఖరికి ఆ తొలి గుంపులో ఇంకా బతికున్న ఒక పెద్దమ్మను పిలిచి అడిగాం. ఆమెకు చదువు రాదు.

"అయ్యగారూ, గప్పుడు చీకటి. ఎవరొచ్చిన్రో, ఎవరేడ్చిన్రో నాకే యాదికి లేదు. మీరెట్ల రాస్తరు?" అంది.

ఎనామిల్ డబ్బాలు షాపుకు తిరిగి వెళ్లాయి. పోయిన డబ్బు స్వల్పమే గాని, పోయిన మాటలు తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టింది.

బండకు వేరే ప్రమాదం ఉందని మాకు తర్వాత తెలిసింది. పక్కనున్న గుట్టలు ఒక్కొక్కటే కంకరగా మారుతున్నాయి. హైదరాబాదు చుట్టూ రాళ్లను కాపాడాలని 1996 నుంచి ఒక సొసైటీ పని చేస్తోంది. మేమూ ఆ పక్షమే. అయితే ప్రసంగ వేదిక ఎక్కి క్రషర్లను తిట్టడం మాకు అంత సులువు కాదు. మా సంఘంలోనే రాయి కొట్టి బతికే కుటుంబాలున్నాయి. వాళ్లిచ్చే దశమభాగం ఆ దుమ్ములోంచే వస్తుంది. మందిరం పునాదిలో ఉన్నదీ ఏదో ఒక గుట్ట ముక్కే. మనం గర్వంగా చెప్పుకునే మెదకు చర్చి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించినది, అదీ రాతి కట్టడమే. పైగా బండ మీద భక్తి ముదిరితే ఏమవుతుందో హిజ్కియా కాలపు ఇత్తడి సర్పం చెబుతుంది (2 రాజులు 18:4). మోషే చేసినదైనా ధూపం వేయడం మొదలుపెట్టాక దాన్ని పగలగొట్టక తప్పలేదు. కాబట్టి బండ నిలవాలని ప్రార్థిస్తున్నాం, సంబంధించినవారికి అర్జీ పెట్టాం, బండకు దండలు వేయవద్దని కూడా చెబుతున్నాం.

ఈసారి పండుగనాడు చీకటితోనే వెళ్లాం. వెలుగు వచ్చాక చూస్తే మా బండకు అవతలి గుండు మీద వరుసగా, జానెడు దూరంలో ఒకటి చొప్పున రంధ్రాలు. చీలలు దిగ్గొట్టి రాయి చీల్చడానికి వేసేవి అవే. సండేస్కూలు పిల్లవాడొకడు ఆ రంధ్రాల్లో వేలు పెట్టి, ఇవేంటని అడిగాడు. రాయి కొట్టే సోదరుడొకడు పక్కన కూర్చుని ఉలి ఎలా పట్టుకుంటారో, రాయి చీలే ముందు చప్పుడు ఎలా మారుతుందో వాడికి చెప్పాడు. పిల్లవాడు మా బండ వైపు తిరిగి, "మరి దీన్నెందుకు కొట్టలేదు?" అన్నాడు.

పెద్దమ్మ వాణ్ణి దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. లాంతరు ఎక్కడ పెట్టేవాళ్లో చేత్తో చూపిస్తూ మొదలుపెట్టింది.