సాధనతోనే స్వస్థత

గాయం మానడం వేరు, శక్తి తిరిగి రావడం వేరు. కొద్ది వారాలు కదలిక లేకపోతే కండరాలు క్షీణిస్తాయి, కీళ్లు బిగుసుకుపోతాయి. ఈ స్థితిని సరిదిద్దే చికిత్సయే ఫిజియోథెరపీ. నిపుణులు రోగి శక్తిని పరీక్షించి, తేలికైన వ్యాయామాలతో ఆరంభించి, క్రమంగా శ్రమను పెంచుతారు. నొప్పి తగ్గిందని వ్యాయామాన్ని మధ్యలో మానివేస్తే అవయవం మళ్లీ బలహీనపడుతుంది.

క్రమబద్ధమైన సాధన ఫలమెట్టిదో నర్తకి సుధాచంద్రన్ జీవితం తెలుపుతుంది. 1981లో జరిగిన బస్సు ప్రమాదం కారణంగా ఆమె కుడికాలు కోల్పోయారు. జైపూర్ కాలు అమర్చుకొని, మొదట నిలబడడం, పిదప నడవడం, ఆపై నర్తించడం అభ్యసించారు. బాధను ఓర్చుకొంటూ సాధన కొనసాగించి 1984లో తిరిగి నాట్యవేదికను అలంకరించారు. ఆమె గాథయే 1985లో 'మయూరి' చలనచిత్రమైంది. అందులో ఆమెయే కథానాయిక. కృత్రిమ పాదం ఆధారమైంది. విడువని సాధన దానికి నడక నేర్పింది.