వెండితెర నుండి బుల్లితెర దాకా: కొన్ని చిల్లర సంగతులు

మన సంస్థలో పనిచేస్తూనో, పదవీ విరమణ చేసిన పిదపనో వైశాలి సెక్టార్లలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలు నాలుగు ఒకచోట చేరితే, సంభాషణ మూడు విషయాల మీదికి రాక తప్పదు. ఊరికి వెళ్ళే రైలులో రిజర్వేషను, మంచి గోంగూర దొరికే చోటు, పాత సినిమాలు. మొదటి రెండింటిలోనూ అభిప్రాయభేదాలకు తావు తక్కువ. మూడవదానిలో మాత్రం తగవు తథ్యం. తొలి తెలుగు టాకీ ఏనాడు విడుదలైనదని ఒకరు అడుగుతారు. 1931 సెప్టెంబరు 15 అని వెంటనే జవాబు వస్తుంది. కాదు, 1932 అని వెనుక వరుసలోని కుర్రవాడొకడు అంటాడు. ఇక భోజనాలు చల్లారిపోవలసిందే.

ఇటువంటివి కాలక్షేపపు ప్రశ్నలని తోసిపుచ్చేవారున్నారు. మేము ఆ పక్షం కాదు. తొలినాటి చిత్రాలలో చాలావాటికి నేడు ఒక్క ప్రతి కూడా మిగలలేదు. ఆ నటీనటుల గొంతు, నడక, చూపు ఏవీ మనకు దక్కవు. ఎవరు ఏ పాత్ర ధరించారు, ఏ తేదీన, ఏ థియేటరులో అన్న చిల్లర సంగతులే వారికి మిగిలిన ఆస్తి. ఆ కాస్తా తప్పుగా మిగిలితే వారికి మిగిలినది ఏమున్నది?

పై తగవులో గెలుపు ఆ కుర్రవానిదే. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, అర్దేషిర్ ఇరానీ నిర్మాతగా తయారైన ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాల తరబడి పుస్తకాలూ పత్రికలూ వల్లించాయి. పాత్రికేయులు రెంటాల జయదేవ పాత పత్రికలనూ రికార్డులనూ ఓపికగా గాలించి, ఆ చిత్రానికి బొంబాయిలో సెన్సారు ధ్రువపత్రం లభించినది 1932 జనవరి 22న అనీ, అది విడుదలైనది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాలో అనీ నిరూపించారు. ధ్రువపత్రం పుట్టకముందే చిత్రం నాలుగు నెలలు ఎట్లా ఆడుతుంది? మంజూరు లేనిదే ఖర్చు లేదని నిత్యమూ గుర్తుచేసే మన ఆర్థిక విభాగం వారికి ఈ తర్కం వెంటనే బోధపడగలదు.

ఆ చిత్రంలో హిరణ్యకశిపునిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి, ప్రహ్లాదునిగా సింధూరి కృష్ణారావు నటించారు. గురుకులంలో చదువు అంటని మొద్దబ్బాయి వేషం ఒక యువకునిది. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు నుండి సినిమా మోజుతో బొంబాయి చేరి, డ్రీమ్‌ల్యాండ్ అనే సినిమా హాలులో గేటు దగ్గర టిక్కెట్లు చూసే పని కూడా చేసిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు ఆయన. ఆ పొడుగు పేరును బొంబాయి వారు ఎల్.వి. ప్రసాద్‌గా కుదించారు. ‘ఆలం ఆరా’ (1931 మార్చి 14) భారతదేశపు తొలి టాకీ. ‘కాళిదాస్’ (1931 అక్టోబరు 31) తొలి తమిళ టాకీ. ‘భక్త ప్రహ్లాద’ తొలి తెలుగు టాకీ. ఈ మూడింటిలోనూ చిన్న వేషాలైనా ధరించిన మనిషి ఆయన. మూడు భాషల వాక్‌చిత్రాల పుట్టుకలోనూ తెరమీద ఉన్న ఘనత అది. దురదృష్టవశాత్తు ఆ మూడు చిత్రాలలో ఒక్కటీ నేడు లభ్యం కాదు.

ఆయన కథ అక్కడితో ఆగలేదు. 1949లో ‘మనదేశం’ చిత్రానికి దర్శకత్వం వహిస్తూ పోలీసు ఇన్‌స్పెక్టరు వేషానికి ఒక కొత్త యువకుణ్ణి తీసుకున్నారు. ఆ యువకుడు అంతకుముందు సర్వీసు కమిషను పరీక్ష నెగ్గి, సబ్ రిజిస్ట్రారుగా చేరి, మూడు వారాలకే ఉద్యోగం వదలిన నందమూరి తారక రామారావు. ప్రొబేషను పూర్తికాకుండా రాజీనామా చేయదలచే మన యువ ఉద్యోగులకు ఈ ఉదాహరణ ఎవరూ చెప్పకుందురు గాక! ప్రసాద్ గారు దర్శకులుగా, నిర్మాతగా, స్టూడియో అధిపతిగా ఎదిగిన తరువాత, టాకీ పుట్టిన యాభై ఏళ్ళకు, 1981లో కమల్ హాసన్ నటించిన ‘అమావాస్య చంద్రుడు’లో తాతగారి పాత్ర ధరించారు. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వారిని వరించినది.

కమలాబాయి గారి సంగతి మరింత హృదయానికి తగులుతుంది. వీరిది సురభి నాటక కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సమాజం అది. తల్లి దమయంతి వేషంలో ఉండగా రంగస్థలం మీదనే కమలాబాయి జన్మించారని సురభివారు చెప్పుకొంటారు. తెలుగువారి తొలి కథానాయిక ఎట్లా నటించారో చూద్దామంటే ఆ తొలి చిత్రం లేదు. అయితే ఆమెను చూసే మార్గం ఒకటున్నది. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముని తల్లిగా నటించినది ఆమెయే. కొడుకు కోసం కలవరపడే ఆ ముసలమ్మను మనలో అనేకులు పదిసార్లు చూసి ఉంటారు. ఆమె ఎవరో ఎరుగక చూసి ఉంటారు. అదే చిత్రంలో ఒక నృత్య గీతంలో కనిపించి పోయే అమ్మాయి సావిత్రి. ‘దేవదాసు’ (1953), ‘మాయాబజార్’ (1957) అప్పటికింకా రాలేదు. ఒకే చిత్రంలో గడచిన కాలపు కథానాయిక తల్లిగా, రాబోయే కాలపు మహానటి నర్తకిగా ఉన్నారన్నమాట. నేపాళ మాంత్రికుడు ఎస్.వి. రంగారావు సంగతి వేరే చెప్పాలా? అగ్నిమాపక శాఖలో పనిచేసి, తొలి చిత్రం ‘వరూధిని’ (1947) ఆడకపోగా జంషెడ్‌పూర్‌లో టాటా వారి కర్మాగారంలో ఉద్యోగం చేసి, మళ్ళీ తెరకు వచ్చిన మనిషి ఆయన. కర్మాగారం సైరను వినే మనకు ఆయన మీద కాస్త ఎక్కువ హక్కు ఉన్నదని మా అభిప్రాయం. ‘నర్తనశాల’లోని కీచక పాత్రకు 1964లో జకార్తా ఆఫ్రో–ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా ఆయన ఎంపికయ్యారు.

ఇక మన ఢిల్లీ వైపు చూద్దాము. వైశాలి స్టేషనులో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, పటేల్ చౌక్‌లో దిగితే ఆకాశవాణి భవనం కనబడుతుంది. కంచు కంఠమని పేరొందిన కొంగర జగ్గయ్య నటుడు కాకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివేవారు. తెనాలి ప్రాంతంలోని మోరంపూడిలో పుట్టి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో రామారావుగారి కాలంలోనే చదివినవారు. ‘ప్రియురాలు’ (1952)తో చిత్రరంగంలో ప్రవేశించారు. శివాజీ గణేశన్ తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఆ గంభీర స్వరం చాలావాటిలో జగ్గయ్యదే. రవీంద్రుని గీతాంజలిని తెలుగు చేసినవారూ వారే. వార్తలు చదివిన ఢిల్లీకి 1967లో మళ్ళీ వచ్చారు, ఈసారి ఒంగోలు నుండి గెలిచిన లోక్‌సభ సభ్యునిగా. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పార్లమెంటులో అడుగిడిన తొలి నటుడు ఎవరని అడిగితే 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన పృథ్వీరాజ్ కపూర్ పేరు చెప్పాలి. ప్రజల ఓటుతో లోక్‌సభకు వెళ్ళిన తొలి సినీనటుడిగా పేరొందినది జగ్గయ్య. ప్రశ్న ఏ సభను గురించో చూడకుండా జవాబు చెప్పేవారు ఇక్కడే దెబ్బతింటారు.

తెలుగు టాకీకి చెందకుండాపోయిన సెప్టెంబరు 15ను కూడా పూర్తిగా మరచిపోనక్కరలేదు. 1959లో అదే తేదీన, ఆకాశవాణి భవనంలోని స్టూడియో నుండే భారతదేశపు టెలివిజన్ ప్రసారాలు ప్రయోగాత్మకంగా ఆరంభమైనవి. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. వారానికి రెండు రోజులు, రోజుకు ఒక గంట. ఇళ్ళలో సెట్లు లేవు. ఢిల్లీ చుట్టుపక్కల టెలీ క్లబ్బులలో ఉంచిన సెట్ల ముందు జనం గుమిగూడేవారు. తప్పుడు జవాబు చెప్పిన పెద్దమనిషి మనసు నొచ్చుకోకుండా ఈ రెండవ సంగతి చెప్పి సర్దుబాటు చేయవచ్చును.

తొలినాటి టెలివిజన్ నటన ఎంత కష్టమో చెప్పే ఉదాహరణ అమెరికాలో ఉన్నది. 1928 సెప్టెంబరు 11న స్కెనెక్టడీ నగరం నుండి ‘ద క్వీన్స్ మెసెంజర్’ అనే నాటికను ప్రసారం చేశారు. ఆనాటి తెరలో మనిషి ముఖమో, చేతులో, ఏదో ఒకటే పట్టేది. అందుచేత రెండు పాత్రలకు నలుగురు నటులు కావలసివచ్చినది. ముఖాలకు ఇద్దరు, చేతులకు ఇద్దరు!

మన దేశంలో నటులకు టెలివిజన్ జీవనాధారమైనది 1984 జూలై 7న మొదలైన ‘హమ్ లోగ్’తో. బడ్కీగా సీమా పాహ్వా, మఝ్లీగా దివ్యా సేఠ్, తండ్రి బసేసర్ రామ్‌గా వినోద్ నాగ్‌పాల్ ఇంటింటి మనుషులైపోయారు. ప్రతి భాగం చివర వచ్చి మాట్లాడే పెద్దాయన అశోక్ కుమార్. ఈయన 1930లలో బాంబే టాకీస్ ప్రయోగశాలలో పనిచేస్తూ, ‘జీవన్ నయ్యా’ (1936)తో అనుకోకుండా కథానాయకుడైనవారు. తొలినాటి టాకీ వీరుడే తొలి ధారావాహికకు సూత్రధారి. కొన్నాళ్ళు గడిచాక ఆయన తన ప్రసంగం ముగింపులో ‘మనం’ అనే మాటను వివిధ భారతీయ భాషలలో పలికేవారు. ఆ ధారావాహికకు వీక్షకులు వ్రాసిన ఉత్తరాలు నాలుగు లక్షలకు పైమాటే. తరువాత ‘రామాయణ్’ (1987–88), ‘మహాభారత్’ (1988–90). సీతగా నటించిన దీపికా చిఖ్లియా బరోడా నుండి, రావణునిగా నటించిన అరవింద్ త్రివేది సాబర్‌కాంఠా నుండి 1991లో లోక్‌సభకు గెలిచి, ఒకే పక్షపు బల్లలపై కూర్చున్నారు. వాల్మీకి కూడా ఊహించని పట్టాభిషేకమిది.

మనముండే వైశాలికీ ఈ కథలలో కాస్త చోటున్నది. ఈ పేరు బీహారులోని ప్రాచీన వైశాలి నగరానిదే. ఆ నగరపు నర్తకి కథతో లేఖ్ టాండన్ 1966లో తీసిన ‘ఆమ్రపాలి’లో వైజయంతిమాల నటించారు, ఆ ఏడు మన దేశం ఆస్కారుకు పంపిన చిత్రమది. లేఖ్ టాండన్ తరువాత బుల్లితెరకు మారి ధారావాహికలు తీశారు. ముదిమిలో నటుడై ‘స్వదేస్’ (2004)లో గ్రామ పెద్దగా కనిపించారు.

మళ్ళీ మొదటి మాటకు వద్దాము. 2003లో పుణె జాతీయ చలనచిత్ర భాండాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో ‘ఆలం ఆరా’ చివరి ప్రతి కాలిపోయినదని తరచుగా వింటాము. ఇది సరికాదు. ఆ భాండాగారాన్ని తీర్చిదిద్దిన పి.కె. నాయర్ గారే ఆ చిత్రం ప్రతి అంతకు ఎన్నో ఏళ్ళ క్రితమే లేకుండాపోయినదని స్పష్టం చేశారు. 1964లో ఆ సంస్థ ఏర్పడేనాటికే మన తొలి చిత్రాలలో అనేకం వెండి కోసం కరిగించబడినవి, లేదా డబ్బాలలోనే చివికిపోయినవి. టెలివిజన్ విషయంలోనూ ఇదే తంతు. టేపు ఖరీదైనది గనుక పాతదాని మీద కొత్తది ముద్రించేవారు. అంతటి బీబీసీ వారే ‘డాక్టర్ హూ’ భాగాలు తొంభైకి పైగా పోగొట్టుకున్నారు.

చిత్రం పోయినచోట సాక్ష్యం చెప్పేది కాగితం. థియేటరు ముంగిట అణాకో బేడకో అమ్మిన పాటల పుస్తకంలో తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్లు, సగం వరకు కథ అచ్చయి ఉండేవి. మిగిలిన సగం తెరమీద చూడమనేవారు. కరపత్రాలలో థియేటరు పేరు, తేదీ ఉండేవి. విడుదల తేదీల తగవు తీర్చగలిగినవి ఇటువంటి కాగితాలే. మన క్వార్టర్లు ఖాళీచేసి వైశాలి ఫ్లాట్లకు మారే ఇళ్ళలో పెట్టె అడుగు నుండి ఇవి బయటపడటమూ, చోటు లేదని పాత పేపర్లతో కలిపి కబాడీవానికి కిలోల లెక్కన వెళ్ళిపోవడమూ మేము చూస్తూనే ఉన్నాము.

కనుక పాఠక మిత్రులకు మా విన్నపం ఇది. మీ ఇంట 1960కి పూర్వపు పాటల పుస్తకాలు, సినిమా కరపత్రాలు, ఆకాశవాణి వారి కార్యక్రమ పత్రిక ‘వాణి’ పాత సంచికలు ఉన్నట్లయితే, ఇల్లు మారేముందు ఒక్కసారి సంపాదకవర్గానికి కబురు చేయగలరు. ప్రతి పుటకూ నకలు తీసుకొని, మూలప్రతిని వారం లోపున భద్రంగా తిరిగి అందజేస్తాము. అట్టలు చిరిగినా, పుటలు పోయినా ఫరవాలేదు. పేర్లున్న పుట ఒక్కటి ఉన్నా చాలును.