ఏసీకి 5 స్టార్లు.. మరి మీ ఇంటికి ఎన్ని?

5 స్టార్ ఏసీ ఉన్నా కరెంటు బిల్లు తగ్గట్లేదా? లోపం ఇంట్లోనే ఉండొచ్చు! బహదూర్‌పల్లి లాంటి శివార్లలో కొత్త ఫ్లాట్, విల్లా చూస్తున్నవాళ్లు ఇది తెలుసుకోవాల్సిందే.

ఏసీలకు స్టార్లు ఇచ్చే బీఈఈ దగ్గర ఇళ్లకూ స్టార్ లేబుల్ ఉంది. అదే సంస్థ 2018లో 'ఎకో నివాస్ సంహిత' తెచ్చింది. గోడలు, కిటికీల నుంచి లోపలికొచ్చే వేడి లెక్కే 'ఆర్ఈటీవీ'. హైదరాబాద్ వాతావరణంలో ఇది చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు.

పడమర వైపు నీడలేని పెద్ద అద్దాలు, పలుచటి గోడలు ఉంటే ఈ అంకె పెరుగుతుంది.. ఏసీపై భారం పడుతుంది. పైకప్పు వేడి ఇందులోకి రాదు, దానికి వేరే లెక్క. టాప్ ఫ్లోర్ వాళ్లకు కూల్ రూఫ్ మేలు.

అద్దె ఇల్లా? పడమటి కిటికీకి లోపల కర్టెన్ కంటే బయట నీడే ఎక్కువ పనిచేస్తుంది. కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందే బిల్డర్‌ను అడగండి.. 'ఆర్ఈటీవీ ఎంత?' అని. కట్టేశాక గోడలు మార్చలేం కదా!