దిక్కు తప్పిన దిక్సూచి

లంకెబిందెల కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లవాడు ఉండడు. పాతగోడ పడగొడుతుంటే బిందె బయటపడిందనీ, దానికి పాము కాపలా ఉన్నదనీ మా మేనత్త చెబుతుంటే మేము అన్నం కలుపుకోవడం మరిచిపోయేవాళ్ళం. అమెరికావాళ్ళు ఈ లంకెబిందెల వేటను ఆటగా చేసుకున్నారు. దాని పేరు జియోకాషింగ్.

ఆట పుట్టిన తీరు చిత్రమైనది. జి.పి.యస్. ఉపగ్రహాల సంకేతాలను అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి కావాలనే కొంత చెడగొట్టి ఇచ్చేది. యంత్రం చెప్పిన చోటుకూ అసలు చోటుకూ నూరు మీటర్ల దాకా తేడా ఉండేది. 2000 మే నెల మొదట్లో ఆ చెరుపు తీసేశారు. అదే నెల 3వ తేదీన డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్లబకెట్టు సగం పాతిపెట్టి, అందులో పుస్తకాలూ, ఒక చిక్కుడుగింజల డబ్బా వగైరా వేసి, అక్షాంశ రేఖాంశాలు లోకానికి చాటాడు. దొరికినవాళ్ళు ఒక వస్తువు తీసుకుని మరొకటి పెట్టాలి, పుస్తకంలో పేరు రాయాలి. అంతే ఆట. ఇవాళ ఇటువంటి డబ్బాలు ప్రపంచమంతటా లక్షల సంఖ్యలో ఉన్నాయి.

మా తమ్ముడి కాపురం ఆ బీవర్‌క్రీక్‌కు ఎంతో దూరం కాదు, పోర్ట్‌లండ్ నగరంలో. 2023 వేసవి సెలవుల్లో నేను వెళ్ళేసరికి వాడి కొడుకు, పదకొండేళ్ళవాడు, మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కారణం అడిగితే చేతిలో పట్టే జి.పి.యస్. యంత్రం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేశాడు.

“ఇది అబద్ధాలు చెబుతోంది, పెదనాన్నా!”

అంతకు ముందు ఆదివారం నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని డబ్బా వెదకడానికి వెళ్ళాడట. బాణం గుర్తు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూపించింది. గంటసేపు ముళ్ళపొదల్లో తిరిగి ఉత్తచేతులతో వచ్చారు. నలుగురూ నవ్వారు. మళ్ళీ ఆదివారం తీసుకెళతానని వీడు పంతం పట్టాడు గాని, లోపల దడగానే ఉన్నది. ఆ వయస్సులో నలుగురిలో మాటపోవడం ఎంత కష్టమో పెద్దవాళ్ళం మరిచిపోతాం.

“కొత్తది కొనేస్తానంటే వినడు, అన్నయ్యా” అన్నాడు తమ్ముడు.

“కొత్తదీ ఇలాగే చేస్తే? ముందు దీని రోగమేమిటో చూడండి, బావగారూ” అన్నది మరదలు. నాకూ ఆ మాటే నచ్చింది.

వైద్యుడు నాడి చూసినట్టు నేను ఒక్క ప్రశ్న వేశాను. “నడుస్తున్నప్పుడు తప్పు చూపిస్తోందా, నిలబడినప్పుడా?” వాడు కాసేపు ఆలోచించి, “గబగబా నడుస్తుంటే బాగానే ఉంటుంది. ఆగితే పిచ్చెక్కుతుంది” అన్నాడు.

రోగం సగం తెలిసినట్టే. ఉపగ్రహాలు మనం ఎక్కడ ఉన్నామో చెబుతాయి. మన మొహం ఎటు ఉన్నదో వాటికి తెలియదు. నడుస్తున్నంతసేపూ యంత్రం నిన్నటి చోటు, నేటి చోటు పోల్చుకున్నట్టుగా, క్షణం క్రితం చోటుతో ఇప్పటి చోటును పోల్చుకుని దిక్కు కట్టుకుంటుంది. నిలబడగానే ఆ ఆధారం పోతుంది. అప్పుడు లోపల ఉన్న చిన్న అయస్కాంత దిక్సూచి మీద ఆధారపడుతుంది. చవకరకం యంత్రాల్లో ఆ దిక్సూచే ఉండదు. వాటి బాణాన్ని నడకలో తప్ప నమ్మకూడదు. నడిచినా తప్పే, ఆగినా తప్పే అయితే, అంకెలు సరిగా ఎక్కించామా అని చూసుకోవాలి. ఆగినప్పుడే తప్పయితే నేరం దిక్సూచిది.

నేరం రుజువు చెయ్యడానికి సాక్షి కావాలి గదా. ధ్రువనక్షత్రాన్ని మించిన సాక్షి ఎవరు? అక్కడ ఆ రోజుల్లో రాత్రి తొమ్మిది దాకా పొద్దుగూకదు. పది దాటాక వాణ్ణి ఎదురుగా ఉన్న పార్కులోకి తీసుకువెళ్ళాను. కారు పక్కనే నిలబడి పరీక్ష చేస్తే ఆ ఇనుమే సాక్ష్యాన్ని తారుమారు చేస్తుంది. మా గోదావరి జిల్లాలో ధ్రువుడు కొబ్బరాకుల సందున కిందుగా కనబడతాడు. అక్కడ ఆకాశంలో సగం ఎత్తున ఉన్నాడు. అసలు ఉత్తరానికి ఆయన ఒక డిగ్రీ కూడా ఎడంగా ఉండడు. ఆయనకు ఎదురుగా నిలబడితే యంత్రం సున్నా చూపించాలి. చూపించింది 40!

“నడుముకున్న సంచీ తీసి దూరంగా పెట్టు” అన్నాను. అంకె చటుక్కున మారిపోయింది. సంచీలో వాళ్ళమ్మ పాత సెల్‌ఫోను ఉన్నది, దాని తొడుగు మూతకు అయస్కాంతం! పైగా వెనకటి ఆదివారం పొద్దున్నే యంత్రానికి కొత్త బ్యాటరీలు వేశారట. బ్యాటరీల ఉక్కు తొడుగులకు ఏ జతకు ఆ జత కాస్త అయస్కాంత గుణం ఉంటుంది. అంచేత బ్యాటరీలు మార్చినా, చాలా దూరప్రయాణం చేసినా దిక్సూచిని మళ్ళీ సరిచెయ్యాలి.

సరిచేసే పద్ధతి చూస్తే నాకు నవ్వు వచ్చింది. గుళ్ళో మనం ఆత్మప్రదక్షిణం చేస్తామే, అలాగే! తెరమీద బొమ్మ చూపినట్టు యంత్రాన్ని బల్లపరుపుగా పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిరగాలి. తరవాత దాన్ని ముందుకూ పక్కకూ దొర్లించాలి. ఇందులో మర్మం ఉన్నది. యంత్రంలోని ఇనుము యంత్రంతోపాటు తిరుగుతుంది. భూమి అయస్కాంతబలం ఉన్నచోటే ఉంటుంది. ఒక చుట్టు తిరిగితే గాని ఏది తనదో, ఏది భూమిదో యంత్రానికి తేలదు.

ఇది కొత్త ఉపాయం కాదు. ఓడలోని ఇనుము దిక్సూచిని ఎలా లాగుతుందో మాథ్యూ ఫ్లిండర్స్ అనే నావికుడు 1801లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా యాత్రలో గమనించి లెక్క కట్టాడు. ఇనపఓడలు వచ్చాక ముప్పు మరీ ఎక్కువైంది. 1838లో జార్జి ఏరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు రెయిన్‌బో అనే ఇనప స్టీమరును నీళ్ళలో గుండ్రంగా తిప్పించి, ఎటు తిరిగితే ఎంత తేడా వస్తుందో రాసుకుని, అయస్కాంతాలు పెట్టి సరిచేశాడు. అంత ఓడ చేసిన ప్రదక్షిణమే మావాడు పచ్చికమీద చేశాడు. కుక్కను తిప్పుతున్న ముసలాయన ఒకరు మమ్మల్ని చూసి దూరంగా తప్పుకుపోయారు!

మళ్ళీ ధ్రువుడికేసి తిరిగాం. 345 వచ్చింది. “ఇంకా పదిహేను తక్కువ!” అని పిల్లవాడు నీరుగారిపోయాడు. ఇది మాత్రం జబ్బు కాదు. అయస్కాంతం చూపే ఉత్తరమూ అసలు ఉత్తరమూ ఒకటి కావు. మన తెలుగుదేశంలో వాటి తేడా ఒక డిగ్రీకి కాస్త అటూ ఇటూ, ఎవరూ పట్టించుకోరు. పోర్ట్‌లండ్‌లో సుమారు 15 డిగ్రీలు తూర్పుకు. యంత్రాన్ని ఎవరో అయస్కాంత ఉత్తరానికి కట్టిపెట్టారు. అలా ఉన్నా బాణం దారి తప్పించదు. కాని అంకె చూసుకుని పటంమీద గీత గీస్తే కొంప మునుగుతుంది: నూరు మీటర్లు నడిచేసరికి పాతిక మీటర్లు పక్కకు పోతాం. దాన్ని అసలు ఉత్తరానికి మార్చాం. సున్నా వచ్చింది. వాడు వేసిన కేకకు పక్కింట్లో దీపం వెలిగింది.

శనివారం అడవిలో సాధన చేయించాను. అక్కడి దేవదారు జాతి చెట్ల కింద సంకేతం చెదిరి, చోటే కొన్ని మీటర్లు ఊగుతుంది. డబ్బా పది మీటర్లలోకి వచ్చాక బాణం గిరగిర తిరిగితే అది దిక్సూచి తప్పు కాదు. అప్పుడు ముప్ఫై అడుగులు వెనక్కి వెళ్ళి, మరో పక్కనుంచి ఆగకుండా నడిచి రావాలి. రెండు మూడు దారులు కలిసేచోట యంత్రాన్ని జేబులో పెట్టి కళ్ళతో వెదకాలి.

ఆదివారం పిల్లలు అయిదుగురూ వెళ్ళారు. మేము రోడ్డు దగ్గరే కూర్చున్నాం. నలభై నిమిషాలకు కేకలు వినిపించాయి. పడిపోయిన మాను తొర్రలో, నాచుకింద, డబ్బా దొరికిందట. అందులోంచి రబ్బరు కప్పను తీసుకుని, మావాడు తన వంతుగా ఆ సెల్‌ఫోను తొడుగు పెట్టి వచ్చాడు. మరదలికి మాత్రం ఈ సంగతి మూడు రోజుల తరవాత గాని తెలియలేదు.