ఆకుపచ్చగా ఉంటే పంట బాగున్నట్టేనా?

థర్డ్ సెమ్ మినీ ప్రాజెక్ట్ కోసం నేను మా తాత చేనుని శాటిలైట్ నుంచి చూశాను. మాది అనంతపురం జిల్లా. నాలుగెకరాల మెట్ట చేను, ఎప్పుడూ వేసేది శెనక్కాయే (పుస్తకాల్లో వేరుశనగ అంటారు). గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో చేను చుట్టూ గీత గీసి, 2023 ఖరీఫ్ డేటా లాగి గ్రాఫ్ వేశా. ఆగస్టులో గీత పడిపోయింది, సెప్టెంబర్ చివరికి మళ్ళీ లేచింది. రిపోర్టులో "పంట కోలుకుంది" అని రాసేశా. మార్కులు కూడా వచ్చాయి.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ గ్రాఫ్ తాతకి చూపించా. ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "ఏం కోలుకునిందిరా? ఆ యేడు చెట్టు పీకితే కింద కాయే ల్యా. కట్టె ఎద్దులకైంది, అంతే" అన్నాడు.

కోడ్ మళ్ళీ చెక్ చేశా, బగ్ లేదు. తాత చెప్పిందీ నిజమే, ఆ ఏడాది ఇంట్లో పరిస్థితి నాకు గుర్తుంది. మరి తేడా ఎక్కడ వచ్చింది? అది తెలియాలంటే దేశం మొత్తం పంటని పైనుంచి ఎలా చూస్తారో ముందు చెప్పాలి.

మొదట చూసేది వాన. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశానికి సగటున 87 సెంటీమీటర్లు పడాలి. 2023లో అందులో 94 శాతం పడింది. మన సెమిస్టర్ మార్కులతో పోలిస్తే డిస్టింక్షనే! కానీ నెలలవారీగా విడదీస్తే జూన్‌లో 91 శాతం, జూలైలో 113, ఆగస్టులో 64, సెప్టెంబర్‌లో 113. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. మొత్తం లెక్కలో ఆ నెల కనిపించకుండా పోయింది. చేను మాత్రం ఆ నెలని దాటలేకపోయింది. పైగా వాతావరణ శాఖ వాన డేటాని గళ్ళుగా ఇస్తుంది, ఒక్కో గడి సుమారు 27 కిలోమీటర్ల వెడల్పు. మా వైపు వాన సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతారు, గట్టుకి ఇటు పడితే అటు పడదు.

రెండోది ఆకు. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, ఎందుకంటే క్లోరోఫిల్‌కి అదే తిండి. మన కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మాత్రం చాలావరకు తిప్పి కొడుతుంది. ఈ రెండింటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. ఇన్‌ఫ్రారెడ్ 0.45, ఎరుపు 0.05 అయితే 0.40ని 0.50తో భాగించాలి, 0.8 వస్తుంది. అంటే దట్టమైన పచ్చదనం. ఖాళీ నేలకి 0.1 చుట్టుపక్కల వస్తుంది. రెండు లైన్ల కోడ్, అంతే. నేను ఇక్కడే ప్రేమలో పడిపోయా.

కానీ ఒట్టి 0.4 అంటే అర్థం ఏమీ లేదు. కోనసీమ వరికి అది దిగులు, మా చేనుకి అది పండగ. అందుకే ఏ చోటునైనా దాని పాత సంవత్సరాలతోనే పోలుస్తారు. అదే వారంలో ఇన్నేళ్ళలో వచ్చిన కనిష్ఠం 0.25, గరిష్ఠం 0.65, ఇప్పుడు 0.35 అనుకోండి. కింద నుంచి పైకి ఉన్న దూరంలో పావు వంతే ఎక్కాం, కాబట్టి స్కోర్ 25. దీన్ని వెజిటేషన్ కండిషన్ ఇండెక్స్ అంటారు. నాసా వాళ్ళ మోడిస్ 2000 నుంచి డేటా ఇస్తోంది కాబట్టి పోల్చడానికి చరిత్ర బాగానే ఉంది.

చరిత్ర ఉంది గానీ చూపు మసక. మోడిస్‌లో మంచి పిక్సెల్ అంటే 250 మీటర్లు, అంటే పదిహేను ఎకరాలకి పైమాటే. మా తాత చేను, పక్కాయన ఆముదాలు, వంకలో చింతచెట్లు, అన్నీ కలిపి ఒకే నంబర్! యూరప్ వాళ్ళ సెంటినెల్-2కి 10 మీటర్ల పిక్సెల్ ఉంది, మా చేనుకి దాదాపు 160 పిక్సెళ్ళు దొరుకుతాయి. ఐదు రోజులకోసారి వస్తుంది కూడా. కాకపోతే ఖరీఫ్ అంటేనే మబ్బులు. చాలా ఫొటోల్లో నాకు తెల్లటి దూదే కనిపించింది. అందుకే 16 రోజుల ఫొటోలు కలిపి మంచి పిక్సెల్ ఏరుకోవడం మోడిస్ కాలం నుంచీ అలవాటు. తాత కార్తెల్లో మాట్లాడతాడు, కార్తె అంటే 13, 14 రోజులు. ఇద్దరం దాదాపు ఒకే టైమ్ స్టెప్ వాడుతున్నామని తెలిసి ఆయనకంటే నాకే ఎక్కువ సంతోషం వేసింది.

వరికి ఈ మబ్బుల బాధ తక్కువ. రాడార్ మబ్బుల్లోంచి చూస్తుంది. నాట్లప్పుడు నీళ్ళు నిలిచిన మడి నల్లగా పడుతుంది, పైరు పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. ఆ మార్పుని పట్టుకుని వరి విస్తీర్ణం లెక్కేస్తారు.

ఇవన్నీ కలిపి దేశానికి అంచనా వేసేది ఢిల్లీలోని మహలనోబిస్ జాతీయ పంటల అంచనా కేంద్రం. 2012లో మొదలైంది. అంతకుముందు శాటిలైట్‌తో కరువుని కనిపెట్టే పని మన హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ చేసేది. వాళ్ళ పథకం పేరు ఫసల్. హిందీలో పంట అని అర్థం, పొడుగాటి ఇంగ్లీష్ పేరుకి షార్ట్‌ఫామ్ కూడా. పేరు పెట్టినాయన ఎవరో గానీ మా క్లబ్‌లో చేర్చుకోవచ్చు.

ఇప్పుడు మా చేను దగ్గరికి వద్దాం. శెనగ పువ్వు పైన పూస్తుంది, కాయ మట్టిలో కాస్తుంది. పువ్వు ఫలదీకరణ అయ్యాక దాన్నుంచి సన్నటి ఊడ కిందికి దిగి, నేలలోకి దూరి, అక్కడ కాయ కడుతుంది. జూలైలో విత్తితే ఊడలు దిగేది ఆగస్టులో, సెప్టెంబర్ మొదట్లో. సరిగ్గా అప్పుడే నేల ఎండి గట్టిపడితే ఊడ లోపలికి పోలేదు. పోయినా గింజ నిండదు. ఆ తర్వాత ఒకటి రెండు వానలు పడితే ఆకు మళ్ళీ లేస్తుంది, కలుపూ లేస్తుంది. శాటిలైట్‌కి రెండూ పచ్చే. నా గ్రాఫ్‌లో కోలుకున్నది అదే, ఎద్దుల మేత.

ఇది నా మార్కులతో పోయే విషయమైతే రాసేవాణ్ణి కాదు. పంటల బీమాలో నష్టం తేల్చడానికి మామూలుగా పంట కోత ప్రయోగం చేస్తారు. లాటరీ పద్ధతిలో పొలం ఎంచుకుని, సాధారణంగా 5 మీటర్లు × 5 మీటర్ల ముక్క కోసి, తూకం వేస్తారు. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి తేల్చడంలో టెక్నాలజీ అంచనాకి కనీసం 30 శాతం వెయిటేజీ ఇచ్చారు. వరికి, గోధుమకి కంకి పైనే ఉంటుంది, కాబట్టి కొంత నయం. శెనక్కాయకి ఒట్టి ఆకుని చూసి ఎవరైనా మోడల్ రాస్తే, నాలాంటివాడే రాస్తాడు. "పంట కోలుకుంది" అనే ఆ లైన్ రిపోర్టులో కాకుండా బీమా ఫైల్లో ఉంటే తాతకి ఏం మిగిలేది?

మట్టిలో తేమ చూసే శాటిలైట్ లేదా అంటే, ఉంది. 2015లో వెళ్ళిన స్మాప్ పైనుండే ఐదు సెంటీమీటర్ల తేమని చూస్తుంది. దాదాపు కాయ ఉండే లోతే! కాకపోతే దాని రేడియోమీటర్ గడి 36 కిలోమీటర్లు.

అదే ప్రాజెక్ట్‌ని ఈ ఏడాది కొనసాగిస్తున్నా. టేబుల్‌లో వాన, ఎన్‌డీవీఐ, ఇండెక్స్ పక్కన ఇంకో కాలమ్ పెట్టా, పేరు "తాత". కార్తెకోసారి ఫోన్ చేసి, చెట్టు పీకి చూడమని అడుగుతా. మొన్న మఖలో ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు ఎక్కించా: "ఊడలు దిగుతాండాయి. ఇంకో పదును పడాల." ఆ వారం ఎన్‌డీవీఐ గడి ఖాళీ, మబ్బులు. రివ్యూలో మా గైడ్ ఆ కాలమ్‌కి యూనిట్స్ ఏంటని అడిగారు. ఇంకా రాయలేదు.