ఇంటి నుండి మళ్లీ ఆఫీసుకు

2020 మార్చి లాక్‌డౌన్‌తో హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎందరో సొంత ఊళ్లకు చేరి, ఇంటి నుండే పనిచేశారు. 2023 అక్టోబరు నుండి టీసీఎస్ వారానికి 5 రోజులూ ఆఫీసుకు రమ్మంది.

దీనిపై ఉద్యోగుల మాట ఒక్కటి కాదు. కొత్తగా చేరినవారికి సీనియర్ల పక్కన కూర్చుని పని నేర్చుకోవచ్చన్న సంతోషం. పసిబిడ్డల తల్లులకు, పెద్దవారికి మందులిచ్చి చూసుకునేవారికి దిగులు. ట్రాఫిక్‌లో పోయే సమయం నిద్రలోనే తగ్గుతుంది.

వైద్యపరంగా మేము చెప్పేది ఇది. ఇల్లయినా ఆఫీసయినా, గంటల తరబడి కదలక కూర్చుంటే నడుము, మెడ నొప్పులు వస్తాయి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు నడవండి. నిద్ర 7 గంటలకు తగ్గనివ్వకండి.

కుటుంబ సభ్యులారా, "అందరూ వెళ్లడం లేదా?" అని తేలికగా అనకండి. ఇంటి పనిలో ఒక్కటైనా మీరు అందుకోండి.