తీగెయు, దాని తొడుగును

కడచిన వర్షాకాలమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు జానెడు పొడవుగల బోరుమోటారు కేబులు ముక్కను మా యొద్దకు తెచ్చి, "అయ్యా, దీనిలో రాగి సన్నము, పైనున్న తొడుగు మందము. మనము డబ్బిచ్చి కొనునది రాగినా, తొడుగునా?" అని యడిగెను. తరగతిలో కొందరు నవ్విరి. మాకు మాత్రము అది నవ్వదగిన ప్రశ్నగా తోచలేదు. ఆ యేడు వారి తోటలోని మోటారు రెండుమారులు కాలిపోయినదట. చుట్ట మార్పించుటకు రెండుమారులును అప్పు చేసిరట.

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో బోరుబావి లేని తోట అరుదు. ఆ బావిలోనికి దిగు కేబులును గూర్చి చక్కగా తెలిసినవారు అంతకన్న అరుదు. అంగడివారు తమిళమున చెప్పుదురు, కేబులుపై అచ్చు ఆంగ్లమున నుండును, మన పెద్దలు తెలుగున లెక్క వేసికొందురు. ఈ మూటి నడుమ పొరపాటు జరుగుట సులభము. కావున ఆ బాలుని ప్రశ్నకు సమాధానమును తెలుగుననే కొంత విపులముగా వ్రాయుచున్నాము. తల్లిదండ్రులు కూడ దీనిని చదివించుకొని వినవలెనని మా కోరిక.

విద్యుత్తు ప్రవహించుటకు తొడుగుతో పనిలేదు. మన ఊరి వెలుపల స్తంభములపై పోవు తీగెలను చూడుడు. వానికి తొడుగు లేదు. స్తంభము చెంత పింగాణి గుబ్బలును, తీగెల నడుమ గాలియును, ఇవియే వానికి రక్షణ. 1902లో శివసముద్రపు జలవిద్యుత్కేంద్రమునుండి కోలారు బంగారు గనులకు సుమారు 147 కిలోమీటర్ల దూరము విద్యుత్తును కొనిపోయిన తీగెలును ఇట్లు స్తంభములపై సాగినవే. గాలి వెలలేని విద్యుద్బంధకము. తీగెలను ఎత్తుగా కట్టి, ఎడముగా నుంచినచో చాలును. అయితే నేలలోను, నీటిలోను, ఇంటి గోడలోను, గనుల సొరంగములలోను ఆ ఎడము దొరకదు. అచ్చట తీగెకును తీగెకును నడుమ, తీగెకును మనుష్యునికిని నడుమ, బారెడు గాలి చేయు పనిని ఒకటి రెండు మిల్లీమీటర్ల పదార్థము చేయవలసియుండును. ఆ పదార్థమును తొడిగికొనిన తీగెయే కేబులు.

అట్టి పదార్థమును వెదకుటలో పూర్వులు పడిన పాట్లు వినదగినవి. 1839లో కలకత్తాయందు ఓషాగ్నెసీ అను వైద్యుడు తంతివార్తల తీగెను హుగ్లీ నదిలో వేయదలచి, దానిని నీటినుండి కాపాడుటకు తారును, నూలును, బెత్తపు చీలికలను ఆశ్రయించెను. 1882లో న్యూయార్కు నగరమున ఎడిసన్ రాగి కడ్డీలకు త్రాడు చుట్టి, ఇనుప గొట్టములలో నుంచి, కీలువంటి పదార్థమును కరగించి పోసి వీథుల క్రింద పాతించెను. కొలది యేండ్లలోనే ఇంగ్లండున ఫెరాంటి అను ఇంజనీరు డెట్‌ఫర్డునుండి లండను నగరములోనికి 10,000 వోల్టుల విద్యుత్తును కొనిపోవలసి వచ్చినప్పుడు కాగితమును నమ్మెను. పొట్లములు కట్టు గోధుమరంగు కాగితమువంటిదే! దానికి మైనము పట్టించి రాగి గొట్టములపై చుట్టలు చుట్టలుగా చుట్టించెను. అందరును సందేహించిన ఆ కేబులు 1933 వరకు పనిచేసినది.

కాగితమునకు చెమ్మయే పరమశత్రువు. అందుచేత నూనెలో నాననిచ్చిన కాగితముపై అతుకులేని సీసపు తొడుగును వేయు పద్ధతి వచ్చినది. అర్ధశతాబ్దమునకు పైగా పెద్ద నగరముల భారమంతయు ఈ సీసపు కేబుళ్లే మోసినవి. బరువెక్కువ, వంచుట కష్టము, అతుకు వేయుటకు ఆరితేరిన పనివాడు కావలెను. అయినను వాని దీర్ఘాయువు మెచ్చదగినది. పాత నగరముల నేలలో కొన్ని నేటికిని పనిచేయుచున్నవి.

నేడు మన ఇండ్లలో నున్నది పి.వి.సి. తొడుగు. 1930 తరువాతి యేండ్లలో జర్మనీయందు ఇది వాడుకలోనికి వచ్చెను. చవుక, నీటికి చెడదు, ఏ రంగు కావలెనన్న ఆ రంగు వేయవచ్చును. కాని లోపలి రాగి 70 డిగ్రీల సెంటిగ్రేడును మించి నిరంతరము వేడియెక్కినచో ఇది మెత్తబడును, కాలక్రమమున పెళుసై చిట్లును. దీనికన్న మేలైనది ఎక్స్.ఎల్.పి.ఇ. అనునది. పాలిథీను అణువులు విడివిడి నూలుపోగులవలె నుండును. వేడి తగులగానే ఒకదానిపై నొకటి జారి పదార్థము కరగిపోవును. ఆ పోగులనే ముడివేసి వలగా అల్లినచో జారవుగదా! 1963లో అమెరికాలో రూపొందిన ఈ పద్ధతివలన తొడుగు 90 డిగ్రీల వేడిని నిరంతరము ఓర్చుకొనును. అందుచేత అదే మందముగల తీగెలో ఎక్కువ విద్యుత్తును పంపవచ్చును. నగరములలో నేల క్రింద పోవు 11,000, 33,000 వోల్టుల కేబుళ్లు ఇప్పుడు ఎక్కువగా ఇవియే. పల్లె వీథులలో తొడుగుగల నల్లని తీగెలు మెలికలు తిరిగి ఒక్క మోకువలె స్తంభమునుండి స్తంభమునకు పోవుట మీరు చూచియుందురు. అవియు సాధారణముగా ఈ జాతివే. కొమ్మ తగిలినను ప్రమాదము తక్కువ, కొక్కెము వేసి దొంగిలించుటకును వీలుండదు.

నేలలో పాతు కేబులును అడ్డముగా కోసి చూచినచో ఉల్లిపాయవలె పొరలు కనబడును. నడుమ రాగి లేదా అల్యూమినియం. అల్యూమినియం రాగికన్న అధమ వాహకము, అయినను బరువు మూడవ వంతే, వెల తక్కువ. అడ్డుకోత వైశాల్యమును ఒకటిన్నర రెట్లకు మించి పెంచినచో రాగి చేయు పనిని అదియు చేయును. దానిపై బంధకము, ఆపై మెత్తని పరుపువంటి పొర, దానిపై ఉక్కు తీగెల కవచము, అన్నిటికి పైని మరియొక తొడుగు. కవచము గునపము దెబ్బకును, ఎలుక పంటికిని. ఇంతటి కవచమున్నను 1,100 వోల్టులలోపు కేబులును మూడు వంతుల మీటరు లోతున, 11,000 వోల్టులదానిని 90 సెంటీమీటర్ల లోతున ఇసుక పరచి వేసి, పైన ఇటుకలు పేర్చవలెనని నియమము. త్రవ్వువాని గునపము మొదట ఇటుకను తాకవలెను. ఇటుక కనబడినచో వాడు ఆగును.

ఇక బోరుబావికి వత్తము. ఇచ్చట కేబులు గుండ్రముగా నుండదు. మూడు తీగెలు ప్రక్కప్రక్కన పండుకొనినట్లు బల్లపరుపుగా నుండును. గొట్టమునకును బావి గోడకును నడుమనున్న ఇరుకు సందులో ఒరిసికొనకుండ దిగుటకే ఈ ఆకారము. ఎరుపు, పసుపు, నీలము రంగులు మూడు ఫేజులకు గుర్తులు.

ఏ లావు కేబులు వేయవలెనన్నది అసలు ప్రశ్న. తొమ్మిదవ తరగతి పిల్లవాడు వేయగల లెక్కయే యిది. 800 అడుగుల లోతున 5 హెచ్.పి. మోటారున్నదనుకొందము. స్టార్టరు వరకు కలుపుకొని కేబులు సుమారు 250 మీటర్లు. మోటారు సుమారు 9 ఆంపియర్లు తీసికొనును. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగెకు కిలోమీటరునకు సుమారు 8 ఓముల నిరోధముండును, కావున 250 మీటర్లకు 2 ఓములు. ఓము సూత్రము ప్రకారము 9ని 2చే గుణించినచో 18 వోల్టులు. ఒక్కొక్క ఫేజునకున్న 240 వోల్టులలో 18 మోటారును చేరకముందే దారిలో ఖర్చగును! 4 చదరపు మిల్లీమీటర్ల తీగెయైనచో ఈ నష్టము సుమారు 11 వోల్టులు, 6 అయినచో 7 వోల్టులు మాత్రమే.

పోయిన వోల్టులు ఎచ్చటికి పోవును? వేడిగా మారును. సన్నని కేబులు విషయమున మూడు తీగెలలో కలిపి 486 వాట్లు. అనగా నూరు వాట్ల బల్బులు దాదాపు అయిదు బావిలో రేయింబవళ్లు వృథాగా వెలుగుచున్నట్లే. వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితముకదా, నష్టమేమని కొందరందురు. నష్టము మోటారునకు. వోల్టేజి తగ్గినప్పుడు మోటారు అదే నీటిని ఎత్తుటకై ఎక్కువ ఆంపియర్లు లాగును, లోపలి చుట్ట వేడెక్కును. మన వైపు సాయంకాలమున లైనులోనే వోల్టేజి పడిపోవుట అందరెరిగినదే. దానికి సన్నని కేబులు తోడైనచో చుట్ట కాలక ఏమి చేయును? కేబులున మిగిల్చిన సొమ్ము మోటారు మరమ్మతు అంగడికి చేరును.

కేబులులో అన్నిటికన్న బలహీనమైన తావు అతుకు. తొడుగును కర్మాగారమున యంత్రము వేసినది. అతుకును మనము చేతితో వేయుదుము. ఈ విషయమున మా చిన్ననాటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. మా చిన్నాయనగారి తోటలో మోటారు కేబులు గట్టు వెంట నేలపైనే పడియుండెడిది. ఒకచోట తెగగా, తీగెలు మెలిపెట్టి పైన ప్లాస్టికు సంచి ముక్క కట్టిరి. వేసవి అంతయు అది బాగుగనే పనిచేసినది. తొలకరి వాన పడిన సాయంకాలమున దూడ యొకటి ఆ తడిలో కాలు పెట్టి పడిపోయినది. మా అక్క పలుపు పట్టుకొని లాగుటకు పరుగెత్తెను. దూరమునుండి చూచిన మా అవ్వ, "తాకొద్దు పాపా! ముందు ఫీజు పీకండ్రా!" అని తోట మారుమ్రోగునట్లు కేకవేసినది. అక్క ఆగినది. దూడ బ్రతుకలేదు. అవ్వ బడికి పోలేదు, ఓము పేరు వినలేదు. తడిసిన పలుపు కూడ తీగెవంటిదేయని మాత్రము ఆమెకు తెలియును.

అతుకును మెలిపెట్టి వదలరాదు. రాగి గొట్టపు ముక్కలో రెండు కొనలను దూర్చి నొక్కించి, ఒక్కొక్క తీగెకు వేరువేరుగా రబ్బరు టేపును సాగదీసి సగము సగము మీద పడునట్లు పలు పొరలు చుట్టి, ఆపై పి.వి.సి. టేపు వేయవలెను. మూడు అతుకులును ఒకేచోట రాకుండ మెట్లు మెట్లుగా నుంచుట మంచిది. నేలపై నున్న కేబులును ముండ్లకంచెకు కట్టుట మన వైపు కనబడు దురాచారము. తొడుగు కోసికొనిపోయిననాడు కంచె అంతయు విద్యుత్తు పారును. విద్యుత్తు ఏ కొంచెము నేలకు కారినను తానే తెగు స్విచ్చులు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. ఇండ్లకు వాడునవి 30 మిల్లీ ఆంపియర్ల కారుడుకే తెగును.

ఇండ్లలోని తీగెలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. దీపములకు 1.5, పెద్ద ప్లగ్గులకు 2.5, నీళ్లు కాచు గీజరువంటివానికి 4 చదరపు మిల్లీమీటర్లు సామాన్యముగా వాడుదురు. ఆకుపచ్చ తీగె ఎర్తుకే, మరి దేనికిని వాడరాదు. తీగెపై ఎఫ్.ఆర్. అని యున్నచో మంట ప్రాకనీయదని అర్థము. ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. అని యున్నచో పొగయు తక్కువ. పి.వి.సి. కాలునప్పుడు వచ్చు ఘాటైన పొగ మంటకన్న ముందు మనుష్యుని పడగొట్టును. కావున పదిమంది కూడు భవనములకు రెండవ రకమే తగును. పి.వి.సి. తీగెలపై ఐ.ఎస్. 694 అను సంఖ్యయు, ఐ.ఎస్.ఐ. ముద్రయు నున్నవో లేవో చూడవలెను. ఎక్స్.ఎల్.పి.ఇ. కేబుళ్లకు సంఖ్య ఐ.ఎస్. 7098.

ఇక ఆ బాలుని ప్రశ్న. కేబులు ధరలో ఎక్కువ భాగము రాగిదే. ఆయుర్దాయము మాత్రము తొడుగుది. తొడుగు కంటికి కనబడును, రాగి కనబడదు. అందుచేత మోసము చేయదలచినవారు రాగిలోనే చేయుదురు. దానిని పట్టుకొనుటకు త్రాసు చాలును. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోతగల రాగితీగె మీటరు పొడవునకు దాదాపు 9 గ్రాములు తూగును. అనగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగె మీటరునకు 36 గ్రాములు.

ఆ ముక్కను మరునాడు విజ్ఞానశాస్త్రపు గదికి తెప్పించితిమి. పొడవు సరిగా 20 సెంటీమీటర్లు. పై తొడుగుపై ఏ ముద్రయు లేదు. అంగడిలో 4 అని చెప్పి యిచ్చినారట. విద్యార్థులే జాగ్రత్తగా తొడుగు వలిచి, మూడు తీగెలను కలిపి త్రాసులో వేసిరి. 21 గ్రాములకు పైగా తూగవలెను. ఒకటి రెండు గ్రాములు తగ్గినను తప్పుగా ఎంచరాదు. త్రాసు 15 గ్రాములు చూపినది. పలకపై భాగహారము వేసినచో 2.8 చదరపు మిల్లీమీటర్లు వచ్చినది. మొదట నవ్విన పిల్లలే ఆ లెక్కను రెండవమారు వేసి చూచిరి. అదే వచ్చినది. బాలుడు ఆ అంకెలను నోటుపుస్తకమున వ్రాసికొని, వలిచిన రాగిని కాగితమున చుట్టుకొని, తండ్రికి చూపుటకై యింటికి కొనిపోయెను.